చిన్న పడవలు – తిమింగిలాలు, డాల్ఫిన్లు: తాకిళ్ళ నివారణ

ఊపిరి కోసం నీటిపైకి వచ్చిన తిమింగిలాన్నో డాల్ఫిన్‌నో ఇంజను బిగించిన చేపల పడవ గుద్దడం, లేదా పడవ కింద తిరిగే పంకా రెక్కలు దాని ఒంటిని కోయడం ఈ వ్యాస విషయం. సరుకు ఓడలు తిమింగిలాలను గుద్దడంపై పాతికేళ్ళుగా ప్రపంచమంతా చర్చ సాగుతోంది. పది మీటర్ల లోపు పడవల సంగతి ఇటీవలి దాకా ఎవరికీ అంతగా పట్టలేదు. పెద్ద ఓడ గుద్దిన తిమింగిలం ఒక్కోసారి ఓడ ముక్కుకు చిక్కుకుని రేవు దాకా వచ్చేస్తుంది, కాబట్టి దాన్ని దాచడానికి వీలుండదు. చిన్న పడవ పంకా తగిలిన డాల్ఫిన్ అక్కడే నీళ్ళలోకి జారిపోతుంది. పడవలో ఉన్నవాళ్ళకు ఒక చిన్న కుదుపు తప్ప ఏమీ తెలియదు.

కొల్లేరు, ఉప్పుటేరు, మొగ

ఈ వ్యాసం ముఖ్యంగా కొల్లేటి నీళ్ళు సముద్రంలో కలిసే తీరం గురించి. కొల్లేరులో మాత్రం డాల్ఫిన్లు లేవు. అది మంచినీటి సరస్సు. ఐదో కాంటూరు వరకు లెక్కిస్తే సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 1999లో వన్యప్రాణి అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు తెచ్చి పోస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. చాలాచోట్ల మనిషి మునగనంత లోతులో, గుర్రపుడెక్క అల్లుకున్న నీళ్ళలో డాల్ఫిన్ బతకలేదు. గంగానదిలో ఉండే మంచినీటి డాల్ఫిన్ (2009లో మన జాతీయ జలచరంగా ప్రకటించినది) గోదావరిలో గాని కృష్ణలో గాని లేదు.

కొల్లేటి పడవ కూడా ఎవరినీ గుద్దే పడవ కాదు. తాటిమొద్దును తొలిచి చేసిన దోనె మీద నిలబడి గెడతో తోసుకుంటూ పోతారు. దోనె వేగం మనిషి నడకను మించదు. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరుకు వచ్చే ఏలూరు కాలువలోనూ ఒకప్పుడు తెరచాప పడవలు, తాడుతో ఒడ్డు నుంచి లాగే పడవలే ఎక్కువ. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో ఈ కాలువ కూడా భాగం. అక్కడ ఎన్ని మరపడవలు తిరిగినా తిమింగిలాల ప్రసక్తి రాదు.

ప్రసక్తి వచ్చేది ఉప్పుటేరు చివర. సరస్సు నుంచి సుమారు అరవై కిలోమీటర్లు మెలికలు తిరిగి, మొగల్తూరు, కృత్తివెన్ను మండలాల మధ్య నుంచి అది బంగాళాఖాతంలో కలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఏలూరు జిల్లాకు సముద్రతీరం లేకుండా పోయింది. పాత పశ్చిమ గోదావరికి ఉన్న పందొమ్మిది కిలోమీటర్ల తీరం భీమవరం కేంద్రంగా ఉన్న కొత్త జిల్లాలో మిగిలింది. తీరం చిన్నదే అయినా, ఒక పక్క ఉప్పుటేరు మొగ (ఏరు సముద్రంలో కలిసేచోటు), మరో పక్క అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి మొగ ఉన్నాయి. ఏటి నీరు, సముద్రపు నీరు కలిసేచోట మేత ఎక్కువ, కాబట్టి చిన్న చేపలు గుంపు కడతాయి. వాటి వెనక పెద్ద చేపలు వస్తాయి, ఆ రెంటి కోసం డాల్ఫిన్లు వస్తాయి. వేటకు పోయే ప్రతి పడవా పోటు చూసుకుని ఆ ఇరుకు మొగలోంచే బయటికి పోవాలి, పాటు మొదలుకాకముందే లోపలికి రావాలి. జీవికీ పడవకూ దారి ఒక్కటే అయ్యేది అక్కడే. ఈ తీరంలో తాకిళ్ళు తగ్గించాలనుకునేవారు నడిసముద్రం కన్నా ముందు మొగలను చూడాలి.

ఈ తీరపు జీవులు

కోస్తా నీళ్ళలో ఉండే డాల్ఫిన్ల గురించి శాస్త్రలోకానికి తొలిరోజుల్లో సమాచారం వెళ్ళిన చోట్లలో మన విశాఖపట్నం ఒకటి. ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేసిన సర్ వాల్టర్ ఇలియట్ ఇక్కడి మత్స్యకారులు తెచ్చిన జంతువుల పుర్రెలు, బొమ్మలు, కొలతలు సేకరించి లండన్ పంపాడు. వాటి ఆధారంగా రిచర్డ్ ఓవెన్ 1866లో రాసిన పరిశోధన వ్యాసంలో ఇరావదీ డాల్ఫిన్‌కు మొదటిసారి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ నమూనా 1852లో విశాఖ రేవులో దొరికింది. బర్మా నది పేరుతో ప్రపంచం పిలిచే ఈ గుండు తల డాల్ఫిన్ మొదట నమోదైనది తెలుగు తీరంలో అన్నమాట. మరుగుజ్జు స్పెర్మ్ తిమింగిలం తొలి నమూనా కూడా ఇలియట్ విశాఖలో సేకరించినదే. మరో డాల్ఫిన్‌కు ఓవెన్ ‘గదము’ అన్న స్థానిక పేరునే శాస్త్రీయ నామంలో వాడుకున్నాడు. ఇప్పుడు ఆ పేరు పర్యాయనామాల్లోకి పోయింది.

మొగల దగ్గర, ఇరవై మీటర్ల లోతు లోపల ఎక్కువగా తిరిగేది మూపురం డాల్ఫిన్. వెన్నురెక్క అడుగున మూపు ఉబ్బెత్తుగా ఉంటుంది. గుంపులు చిన్నవి, నీటిపైకి వచ్చే తీరు నెమ్మది. రెక్కలేని పోర్పాయిస్ కూడా ఇలాంటి లోతులేని నీళ్ళదే. దానికి వెన్నురెక్క లేకపోవడం వల్ల కెరటాల మధ్య చూపుకు ఆనదు. పడవవాడు తప్పించాలనుకున్నా తప్పించలేని జీవి ఇది. కొంచెం బయటికి పోతే సీసాముక్కు డాల్ఫిన్లు, గిరికీలు కొట్టే స్పిన్నర్ డాల్ఫిన్లు కనిపిస్తాయి. వీటి చురుకు ఎక్కువ, పడవ ముందుభాగమైన అణియం దగ్గర ఆటలాడుతూ ఈదుతాయి. పెద్ద తిమింగిలాల్లో బంగాళాఖాతంలో తరచు కనబడేది బ్రైడ్స్ తిమింగిలం. లోతు నీళ్ళలో స్పెర్మ్ తిమింగిలాలున్నాయి. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి సుమారు పాతిక అడుగుల కళేబరం కొట్టుకువస్తే, పత్రికలు దాన్ని నీలి తిమింగిలంగా రాశాయి.

పత్రికల్లో తిమింగిలంగా రాసే ఇంకో జంతువు నిజానికి చేప. అది తిమింగిల సొర, చేపలన్నిటిలోకీ పెద్దది. నీటి పైపొరలో నోరు తెరుచుకుని మెల్లగా పోతుంది, కాబట్టి పడవల దెబ్బ దానికీ తప్పదు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గరి తంతడి తీరాన వలలో చిక్కిన ఒక తిమింగిల సొరను అటవీశాఖ, మత్స్యకారులు కలిసి మళ్ళీ లోతు నీళ్ళలోకి పంపారు.

గుద్దడం ఎలా జరుగుతుంది

తిమింగిలానికి చెవులు బాగానే వినిపిస్తాయి, మరి పడవ చప్పుడు విని తప్పుకోదేం అని అడిగేవాళ్ళున్నారు. ఇంజను అమరం వైపు, అంటే పడవ వెనక, ఉంటుంది. దాని చప్పుడు వెనక్కి, పక్కలకు పోయినంతగా ముందుకు పోదు, మధ్యలో పడవ ఒళ్ళు అడ్డు. పైగా నీటి పైపొర దగ్గర శబ్దం బలహీనపడుతుంది. ఊపిరి పీల్చడానికి జంతువు వచ్చేది సరిగ్గా ఆ పొరలోకే. అంటే పడవకు ఎదురుగా, అన్నిటికన్నా ప్రమాదమైన చోట ఉన్న జంతువుకే చప్పుడు అన్నిటికన్నా తక్కువ తెలుస్తుంది. దానికి తోడు పదులకొద్దీ పడవలు ఒక్కసారే మొగలోకి వస్తే ఏ చప్పుడు ఎటు నుంచో తేల్చుకోవడం కష్టం.

మేతలో మునిగిన జంతువు, నిద్రలో ఉన్న జంతువు, పిల్లతో ఉన్న తల్లి ఎక్కువగా దెబ్బతింటాయి. స్పెర్మ్ తిమింగిలం ముప్పావుగంట దాకా లోతున వేటాడి వచ్చి, పైన కాసేపు కదలకుండా తేలుతూ ఊపిరి కూడదీసుకుంటుంది. పిల్లలకు ఊపిరి బిగబట్టే శక్తి తక్కువ, కాబట్టి పైనే ఎక్కువసేపు ఉంటాయి. జూలై నుంచి అక్టోబరు దాకా గోదావరి, కృష్ణ వరదనీరు మొగల బయట చాలాదూరం ఎర్రగా పరుచుకుంటుంది. అప్పుడు పక్కనే ఈదుతున్న డాల్ఫిన్ వీపు కూడా కనబడదు.

మిగిలిన లెక్క వేగానిది. పెద్ద ఓడల తాకిళ్ళ మీద 2007లో అచ్చయిన ఒక విశ్లేషణ ప్రకారం, ఓడ వేగం 8.6 నాట్లు ఉన్నప్పుడు తిమింగిలం చనిపోయే అవకాశం సుమారు 20 శాతం, 15 నాట్లకు చేరేసరికి 80 శాతం. నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. దెబ్బలోని శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పది నాట్ల మీద పోయే పడవ ఆరు నాట్లకు దిగితే ఆ శక్తి మూడింట ఒక వంతుకు కొంచెం పైన మిగులుతుంది. చిన్న పడవలు తేలిక కాబట్టి చంపలేవన్న నమ్మకం చాలాకాలం ఉండేది. 2020లో వచ్చిన ఒక గణిత నమూనా అధ్యయనం దాన్ని కొట్టేసింది. ఇరవై మీటర్ల లోపు పడవ కూడా పది నాట్ల వేగంతో తిమింగిలాన్ని చంపగలదని తేల్చింది. డాల్ఫిన్ విషయంలో బరువు కన్నా పంకాయే ముఖ్యం. ఎనిమిది గుర్రాల ఇంజను పంకా వెన్నురెక్కను సగానికి తెగ్గొయ్యడానికి చాలు.

వేగం తగ్గితే లాభం ఇంకొకటుంది. పది నాట్ల మీద పడవ సెకనుకు ఐదు మీటర్లు ముందుకు పోతుంది. ఎదురుగా వీపు కనబడినప్పటి నుంచి చుక్కాని తిరిగేదాకా ఐదు సెకన్లు పడితే పాతిక మీటర్లు అయిపోయాయి. ఆరు నాట్ల మీద అదే సమయంలో పదిహేను మీటర్లు. ఎదుటి జంతువు తప్పుకోవడానికి ఆ పది మీటర్ల తేడా చాలు.

పడవకూ ముప్పే

ఈ విషయం మీద రాసేవాళ్ళు ఎక్కువగా జంతువు పక్షాన రాస్తారు. చిన్న పడవల విషయంలో అది సగం కథే. 2022 సెప్టెంబరులో న్యూజీలాండ్‌లోని కైకౌరా దగ్గర ఎనిమిదిన్నర మీటర్ల పడవ బోల్తాపడి, అందులోని పదకొండు మందిలో ఐదుగురు చనిపోయారు. తిమింగిలం కింద నుంచి తగిలి ఉంటుందని అనుకున్నారు. 2024 జూలైలో అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ తీరంలో హంప్‌బ్యాక్ తిమింగిలం ఎగిరి ఇరవైమూడు అడుగుల పడవ మీద పడింది. ఇద్దరు మనుషులు నీళ్ళలో పడి బతికి బయటపడ్డారు. అంతకుముందు 2021 ఫిబ్రవరిలో ఫ్లోరిడా దగ్గర యాభైనాలుగు అడుగుల వినోద వేట పడవ రైట్ తిమింగిలం పిల్లను గుద్దింది. పిల్ల చచ్చిపోయింది, పడవలోకి నీళ్ళు వచ్చాయి. మన ఫైబర్ బోట్లు ఎనిమిది నుంచి పది మీటర్లు. రాత్రి వేట నుంచి తిరిగి వచ్చేటప్పుడు చాలామంది లైఫ్ జాకెట్ వేసుకోరు. తిమింగిలం సంగతి అలా ఉంచి, తన ప్రాణం కోసమైనా వేగం చూసుకోవలసింది పడవవాడే.

చిలికా అనుభవం

కొల్లేరుకు దగ్గరి బంధువు లాంటి సరస్సు ఒడిశాలోని చిలికా. రెండూ రామ్‌సర్ నేలలే. రెంటిలోనూ చేపల, రొయ్యల పెంపకం కోసం వేసిన గట్లు నీటిని ముక్కలు చేశాయి, రెంటిలోనూ ప్రభుత్వం ఆ గట్లు కొట్టించింది. 2006 ‘ఆపరేషన్ కొల్లేరు’ ఇక్కడివారికి గుర్తే. చిలికాలో అలాంటి గట్లను ఘేరీలంటారు. తేడా ఏమిటంటే చిలికా ఉప్పుకయ్య. నూట యాభైకి అటూ ఇటూగా ఇరావదీ డాల్ఫిన్లు అందులో బతుకుతున్నాయి. వానాకాలంలో పదకొండు వందల చదరపు కిలోమీటర్లు దాటే ఆ నీళ్ళలో అవి ఎక్కువగా ఉండేది సముద్రానికి పోయే కాలువ దగ్గర, సాతపడా చుట్టుపక్కల. వేట పడవలు, డాల్ఫిన్లను చూపించే పర్యాటక పడవలు తిరిగేదీ అక్కడే.

మన ఉప్పుటేరు మొగ లాంటి పరిస్థితే ఇది, అయితే పడవల సాంద్రత ఎన్నో రెట్లు. పడవలకు పొడుగాటి కడ్డీ చివర పంకా ఉండే ఇంజన్లు బిగిస్తారు. కడ్డీని ఎత్తుతూ దించుతూ లోతులేని చోట కూడా పోవచ్చు. దీనివల్ల పడవ వెళ్ళలేని మూల అంటూ లేకుండా పోయింది, డాల్ఫిన్‌కు తలదాచుకునే చోటు తగ్గింది. అక్కడి మరణాల్లో వలల వాటా ఉంది, పంకా గాయాల వాటా ఉంది.

చిలికా అభివృద్ధి సంస్థ 1991లో ఏర్పడింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వించింది. ఉప్పదనం తిరిగి వచ్చి చేపలు పెరిగాయి. డాల్ఫిన్లను ఏటా లెక్కించడం మొదలైంది. పర్యాటక పడవలకు చెప్పిన నియమాలు చాలా సాదా: డాల్ఫిన్ల వెంటపడకు, గుంపును చుట్టుముట్టకు, దగ్గరైతే వేగం తగ్గించు, ఇంకా దగ్గరైతే ఇంజను ఆపు. పర్యాటకులు డబ్బిచ్చి ‘ఇంకా దగ్గరికి పోనీ’ అంటున్నంతకాలం ఇవి పూర్తిగా అమలుకావు. నియమం పడవవాడి మీద పెట్టి, ఒత్తిడి ప్రయాణికుడి చేతిలో ఉంచితే ఏమవుతుందో చిలికాలో చూడవచ్చు.

వేటపడవల సంగతి వేరుగా తేలింది. డాల్ఫిన్లు చేపలను తోలుకొస్తాయని, వలలో మేలైన చేప పడుతుందని చిలికా మత్స్యకారులు చాలాకాలంగా చెప్పేమాట. 2014లో అచ్చయిన ఒక అధ్యయనం ఆ మాటకు మద్దతుగా లెక్కలు చూపింది. పాతిన వలల దగ్గర డాల్ఫిన్లు మేస్తున్నప్పుడు మల్లెట్ జాతి చేపలు ఎక్కువ పడ్డాయి. డాల్ఫిన్ ఉంటే తనకు లాభమని నమ్మినవాడు దాని దగ్గర ఇంజను తగ్గిస్తాడు. ఇలాంటి నమ్మకం జరిమానా కన్నా చవక, దానికన్నా గట్టిది కూడా.

గంజాం నుంచి పూరి దాకా ఉన్న తీరగ్రామాల్లో తెలుగు మాట్లాడే మత్స్యకారులున్నారు. ఒడిశాలో వీళ్ళను నోళియాలంటారు. పూరిలోని పెంఠకటా అంతా వీళ్ళదే. ఉత్తరాంధ్ర నుంచి తరతరాలుగా వలసపోయిన కుటుంబాలు ఇవి. ఒడిశా తీరంలో ఏ కొత్త నియమం వచ్చినా ముందు తెలుసుకునే తెలుగువాళ్ళు వీళ్ళే. ఆంధ్ర తీరంలో అలాంటి ప్రయత్నం చేయాలనుకుంటే వీళ్ళను అడగడం అధికారుల సమావేశాల కన్నా ఉపయోగం.

చేయగలిగిన పనులు

అంతర్జాతీయ తిమింగిల సంఘం 2005 నుంచి తాకిళ్ళ మీద ప్రత్యేకంగా పనిచేస్తోంది. తాకిళ్ళను తగ్గించే మార్గదర్శకాలను అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2009లో విడుదల చేసింది. శ్రీలంక దక్షిణ తీరాన నీలి తిమింగిలాలు తిరిగే చోటును తప్పించి, 2022 నుంచి ఒక పెద్ద ఓడల సంస్థ తన ఓడలను ఇంకా దక్షిణంగా నడుపుతోంది. ఇవన్నీ ఓడల సంగతులు. చిన్న పడవకు దారి మార్చుకునే వీలు లేదు, దాని మొగ ఒక్కటే.

కాబట్టి ముందు చెప్పుకోవలసింది మొగలో వేగం. అమెరికాలో 2008 నుంచి అట్లాంటిక్ తీరంలో రైట్ తిమింగిలాల కోసం కొన్ని చోట్ల, కొన్ని నెలల్లో పది నాట్ల పరిమితి ఉంది. అది అరవైఐదు అడుగులు, అంతకు మించిన ఓడలకే. ముప్పైఐదు అడుగుల పడవలకూ వర్తింపచేయాలని 2022లో ప్రతిపాదించి, వ్యతిరేకత వల్ల 2025 జనవరిలో ఉపసంహరించుకున్నారు. అది అమలైనా మన ఫైబర్ బోటు లాంటిది దాని కిందికి వచ్చేది కాదు. మన చిన్న బోట్లు మామూలుగా పోయేది ఆరు నుంచి ఎనిమిది నాట్లు, అంటే పరిమితి పేరుతో కొత్త చట్టం అవసరమే లేదు. గుర్రాల సంఖ్య పెంచుకుంటూ పోయే పోటీని, మొగ దాటే అర కిలోమీటరులో దూసుకుపోవడాన్ని ఆపగలిగితే చాలు. ఫ్లోరిడాలో మనాటీలనే నీటి జంతువుల కోసం కాలువల పొడుగునా ‘నెమ్మది’ బోర్డులు పాతారు. ఉప్పుటేరు మొగకు అలాంటి రెండు బోర్డులు, వాటి మీద మత్స్యకార సంఘం పేరు ఉంటే సరిపోతుంది. ప్రభుత్వ ముద్ర కన్నా ఆ పేరుకే ఎక్కువ విలువ.

వేగం తగ్గితే డీజిల్ కూడా తగ్గుతుంది. 1980ల్లో బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ కింద మన తూర్పు తీరానికి ఇసుక ఒడ్డున దిగే పడవల నమూనాలు తయారుచేసినవారిలో ఒకరైన నౌకా రూపశిల్పి ఓయివిండ్ గుల్‌బ్రాండ్సెన్, ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోసం చిన్న పడవల్లో ఇంధనం ఆదా చేయడం మీద 2012లో ఒక కరదీపిక రాశాడు. అందులో అసలు సూత్రం ఇదే: ఇంజనును నిండుగా తిప్పకుండా కాస్త తగ్గించి నడిపితే, వేగం తగ్గిన దానికన్నా ఎక్కువ నూనె మిగులుతుంది. డాల్ఫిన్ కోసం నెమ్మదించమంటే విననివాడు కూడా ఈ లెక్క వింటాడు.

రెండోది చూపు. అణియం దగ్గర ఒక మనిషి నిలబడి ముందుకు చూడటం పాత అలవాటే. ఇంజన్లు వచ్చాక, ముగ్గురు నలుగురితోనే బోటు పోతున్నాక అది తగ్గింది. పక్షులు ఒకచోట గుంపుగా దూకుతుంటే కింద చేపల గుంపు ఉందని ప్రతి మత్స్యకారుడికీ తెలుసు. అదే చోట డాల్ఫిన్లు, ఒక్కోసారి బ్రైడ్స్ తిమింగిలం ఉంటాయన్నది దానికి చేర్చుకోవలసిన మాట. జంతువు కనబడితే దాని దారికి అడ్డంగా కోయకూడదు, గుంపును రెండుగా చీల్చకూడదు. పక్కగా, అదే దిశలో నెమ్మదిగా పోవాలి. అకస్మాత్తుగా పడవ పక్కనే తేలితే గేరు తీసి ఆగిపోవాలి. వెనక్కి తిప్పితే పంకా సరిగ్గా దాని మీదికే పోతుంది.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని తెలుగుతో సహా తీరభాషల్లో ఇస్తోంది. సముద్రపు ఉష్ణోగ్రతను, నీటి రంగును ఉపగ్రహాలు చూసి చెప్పే అంచనా అది. చేప ఉన్నచోట చేపను తినేవీ ఉంటాయి. అంటే ఆ సూచన పడవలను, తిమింగిలాలను ఒకే గడిలోకి చేరుస్తోంది. 2024లో లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు బిగించే కేంద్ర పథకం మొదలైంది. వాటిలో తుపాను హెచ్చరికలు, రెండు వైపులా సందేశాలు పోతాయి. ‘ఇక్కడ తిమింగిలం కనబడింది’ అన్న నాలుగు మాటలు అదే దారిలో పంపవచ్చు, కొత్త పరికరం అక్కర్లేదు.

పంకాకు గూడు బిగించడం చాలామంది సూచించే ఉపాయం. గాట్లు తగ్గుతాయి, గుద్దే దెబ్బ తగ్గదు. ఇంధనం కొంచెం ఎక్కువ తాగుతుంది. ఉప్పుటేరులో అయితే ఆ గూడులో గుర్రపుడెక్క చుట్టుకుని ఇంజను ఆగిపోతుంది. పర్యాటక పడవలకు సరిపోవచ్చు, వేటపడవలకు నేను సిఫార్సు చేయను. వలలకు కట్టే శబ్ద పరికరాలు డాల్ఫిన్లను వల నుంచి దూరంగా ఉంచడానికి పనికొస్తాయి, పడవ తాకిడికి కాదు.

ఆంధ్రప్రదేశ్ 1994 నాటి సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల పెద్ద మరబోట్లను వేటాడనీయదు. సంప్రదాయ మత్స్యకారుల కోసం పెట్టిన ఈ గీత మూపురం డాల్ఫిన్లకూ కాపలా కాస్తోంది, అమలైన రోజుల్లో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజుల వేట నిషేధం వల్ల కూడా తీరపు నీళ్ళకు కాస్త నిశ్శబ్దం దొరుకుతుంది. రెండు నిబంధనలూ చేపల కోసం వచ్చినవే.

వలలు

తాకిళ్ళ మీద ఎంత మాట్లాడినా డాల్ఫిన్లను ఎక్కువగా చంపేది వల. 2020లో ప్రచురితమైన అంచనా ప్రకారం 1950 నుంచి 2018 దాకా హిందూ మహాసముద్రంలో ట్యూనా కోసం వేసే, మొప్పలు చిక్కుకునే గిల్‌నెట్ వలల్లో చిక్కి చచ్చిన డాల్ఫిన్లు, చిన్న తిమింగిలాలు సుమారు 41 లక్షలు. పడవ గాయాన్ని వల గాయం నుంచి వేరుచేసి చూడటం కూడా కష్టమే. వలలో చిక్కి ఊపిరాడక చచ్చిన డాల్ఫిన్‌ను నీళ్ళలోకి వదిలేశాక ఇంకో పడవ పంకా దాన్ని కోయవచ్చు.

ఇక్కడ వ్యాపారం కూడా ముడిపడి ఉంది. సముద్రపు క్షీరదాలకు తమ దేశంలో ఉన్నపాటి రక్షణ లేని వేట నుంచి వచ్చిన చేపలను కొనబోమన్న అమెరికా నిబంధన 2016లో వచ్చింది, గడువు చాలాసార్లు పొడిగించి చివరికి 2026 జనవరి 1గా నిర్ణయించారు. ఆ ఒత్తిడితో మన దేశంలో సముద్ర క్షీరదాల సంఖ్యను అంచనా వేసే సర్వేలు జోరందుకున్నాయి. భీమవరం, ఆకివీడు చెరువుల్లో పెంచిన రొయ్య దీని కిందికి రాదు, సముద్రంలో పట్టిందే వస్తుంది. అయినా విదేశీ కొనుగోలుదారు రెంటినీ వేరుగా చూస్తాడన్న భరోసా లేదు. తాబేళ్ళను తప్పించే పరికరం వలల్లో లేదని సముద్రపు రొయ్యలను అమెరికా ఆపినప్పుడు ఈ పాఠం ఎగుమతిదారులు ఒకసారి నేర్చుకున్నారు.

ఒడ్డుకు చేరిన కళేబరం

తూర్పు తీరానికి కొట్టుకువచ్చే కళేబరాల్లో చాలావరకు ఉబ్బి, కుళ్ళి ఉంటాయి. వాసన భరించలేక అదేరోజు జేసీబీతో గుంత తీసి పూడ్చేస్తారు. పడవ గుద్దిందా, వల పట్టిందా, జబ్బుతో చచ్చిందా అన్నది గుంతలోకి పోతుంది. బయటికి గాయం కనబడకుండా లోపల ఎముకలు విరిగి చచ్చిన సందర్భాలు విదేశాల్లో శవపరీక్ష చేసినప్పుడే తెలిశాయి. పశువైద్యుడు ఒక పూట కోసి చూసి, ఫోటోలు తీసి, పొడవు కొలిస్తే సరిపోయే పని ఇది. పంకా గాట్లు ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా పడతాయి. వాటి మధ్య ఎడాన్ని కొలిస్తే పంకా పరిమాణం, పడవ వేగం మీద ఒక అంచనాకు రావచ్చు. గాయం అంచున నెత్తురు గడ్డకట్టి ఉంటే బతికుండగా తగిలింది, లేకపోతే చచ్చాక తగిలింది.

దేశంలో ఇలాంటి నమోదులను సముద్ర క్షీరదాల పరిరక్షణ వేదిక ఒకటి బహిరంగంగా నిర్వహిస్తోంది. విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉన్నాయి. నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయానికి 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది. ఉప్పుటేరు మొగకు అన్నిటికన్నా దగ్గరిది అదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద డాల్ఫిన్లకు, తిమింగిలాలకు రక్షణ ఉంది. చచ్చిన జంతువు మాంసం, ఎముకలు, స్పెర్మ్ తిమింగిలం నుంచి వచ్చే అంబర్‌గ్రిస్ తీసుకోవడం, అమ్మడం నేరమే. అనుకోకుండా పడవ తగిలిందని, వలలో పడిందని వచ్చి చెప్పిన మత్స్యకారుడిని మాత్రం నేరస్థుడిలా చూస్తే, తర్వాతి కళేబరం గురించి ఎవరూ చెప్పరు. గుజరాత్‌లో తిమింగిల సొరను విడిపించడానికి కోసిన వలకు పరిహారం ఇవ్వడం మొదలుపెట్టాకే అక్కడి మత్స్యకారులు ముందుకొచ్చి కబురు చెప్పసాగారు.